బ్రూస్ లీ కంటే ముందు, బ్రూస్ లీ పక్కన: చైనా యుద్ధకళలు నేర్చుకున్న తొలి పాశ్చాత్యులు

పాతపుటలు:

అందరికీ నమస్కారం. కుంగ్‌ఫూ అనగానే మన దగ్గర మాట సినిమాల మీదికి మళ్లిపోతుంది. ఈ చర్చలో సినిమాలు పక్కన పెట్టి, వాటికంటే ముందు చైనా గురువుల దగ్గర కూర్చుని, నిలబడి, దెబ్బలు తిని నేర్చుకున్న పాశ్చాత్యుల గురించి మాట్లాడుకుందాం. వాళ్ల గురించి మన భాషలో రాసినవాళ్లు దాదాపు లేరు.

మొదట ఒక మనిషిని పరిచయం చేస్తాను. పేరు జెస్సీ గ్లోవర్. సియాటిల్‌లో పెరిగిన నల్లజాతి అమెరికన్. పన్నెండేళ్ల వయసులో తాగి ఉన్న ఒక పోలీసు కొట్టిన దెబ్బకు దవడ విరిగింది. తనను తాను కాపాడుకోవడం నేర్చుకోవాలన్న పట్టుదల అక్కడే పుట్టిందని తర్వాత ఆయనే చెప్పాడు. దొరికింది జూడో. దాన్ని శ్రద్ధగా నేర్చుకున్నాడు, పోటీల్లో దిగాడు.

1959లో హాంకాంగ్ నుంచి ఒక పద్దెనిమిదేళ్ల కుర్రాడు సియాటిల్ వచ్చాడు. రూబీ చౌ అనే ఆవిడ రెస్టారెంట్‌లో పని, అక్కడే మకాం, పగలు ఎడిసన్ టెక్నికల్ స్కూల్లో చదువు. అతనే బ్రూస్ లీ. అతను ఇచ్చిన ఒక ప్రదర్శన గ్లోవర్ చూశాడు. చూస్తే ఇద్దరూ చదివేది ఒకే స్కూల్, నడిచేది ఒకే దారి. నేరుగా వెళ్లి అడగడానికి మొహమాటం. అందుకని బ్రూస్ వెనకాల వస్తున్నాడని తెలిసినప్పుడు ముందు నడుస్తూ, దారిలో ఉన్న టెలిఫోన్ స్తంభాలను తన్నుకుంటూ పోయేవాడు, ఆ కుర్రాడి కళ్లలో పడాలని. చివరికి మాట కలిసింది, నేర్పుతావా అని అడిగాడు, బ్రూస్ సరేనన్నాడు. బ్రూస్ లీకి అమెరికాలో మొదటి శిష్యుడు అలా దొరికాడు.

తర్వాత గ్లోవర్ రూమ్‌మేట్ ఎడ్ హార్ట్ చేరాడు, ఆ తర్వాత జేమ్స్ డిమైల్, స్కిప్ ఎల్స్‌వర్త్, టాకీ కిమురా లాంటివాళ్లు. నల్లవాళ్లు, తెల్లవాళ్లు, జపనీస్ అమెరికన్లు కలిసిన గుంపు. పార్కుల్లో, పార్కింగ్ స్థలాల్లో ప్రాక్టీస్. 1959లో అమెరికాలో ఇన్ని రంగులవాళ్లు ఒక చోట చేరి ఒక చైనా కుర్రాడి చేత తోయించుకుని కిందపడటం మామూలు విషయం కాదు.

నా ఉద్దేశం ఒకటే. "చైనావాళ్లు బయటివాళ్లకు నేర్పేవారు కాదు, బ్రూస్ లీ ఒక్కడే ఆ గోడ కూల్చాడు" అన్న కథ మనందరికీ అలవాటైపోయింది. ఆ కథలో గ్లోవర్ లాంటి శిష్యులూ మాయమైపోయారు, బ్రూస్ కంటే ముందే తలుపు తీసిన గురువులూ మాయమైపోయారు. మీకు తెలిసినవి రాయండి.

ఓరుగల్లు_కుర్రోడు:

అన్నా, గ్లోవర్ పేరు ఇప్పుడే వింటున్నా. స్తంభాలు తన్నే సంగతి చదువుతుంటే మనసు ఎట్లనో అయింది. కానీ ఒక డౌట్. బయటివాళ్లకు నేర్పొద్దని రూల్ ఉండేదనే కదా వాంగ్ జాక్‌మన్ అనే ఇంకో కుంగ్‌ఫూ మనిషితో బ్రూస్ లీ ఫైట్ జరిగింది? నేర్పడం ఆపు, లేకపోతే ఫైట్‌కు రా అన్నరని చదివిన.

చార్మినార్_చాయ్:

తమ్ముడూ, ఆ ఫైట్ గురించి రెండు వాదనలు ఉన్నాయి. 1964 చివర్లో ఓక్లాండ్‌లో బ్రూస్ స్కూల్లోనే జరిగింది. చూసినవాళ్లు చాలా కొద్దిమంది. బ్రూస్ భార్య లిండా చెప్పిన ప్రకారం చైనీయులు కానివాళ్లకు నేర్పడం ఆపమని హెచ్చరిక వచ్చింది, ఆయన ఒప్పుకోలేదు, మూడు నిమిషాల్లో గెలిచాడు. వాంగ్ వైపు వాళ్లు చెప్పేది వేరు. అదే ఏడాది శాన్‌ఫ్రాన్సిస్కో చైనాటౌన్‌లోని సన్ సింగ్ థియేటర్‌లో బ్రూస్ ఒక ప్రదర్శన ఇచ్చి, పాత పద్ధతులను తీసిపారేసి మాట్లాడాడు, అది అందరికీ సవాలులా వినిపించింది, దానికి జవాబుగా వాంగ్ వెళ్లాడు. వాళ్ల లెక్కలో ఆ పోరు ఇంకా చాలాసేపు సాగింది.

ఎవరు గెలిచారన్నది నేను తేల్చను. కానీ కారణం మాత్రం ఆలోచించు. ఆ 1960ల మొదట్లోనే లాస్ ఏంజెలెస్‌లో ఆర్క్ వాంగ్ అనే గురువు అన్ని జాతులవాళ్లనూ చేర్చుకుంటున్నాడు. శాన్‌ఫ్రాన్సిస్కోలో టి.వై. వాంగ్ దగ్గర కూడా చైనీయులు కాని శిష్యులు ఉన్నారు. వాళ్లెవరి మీదికీ జనం సవాలు పట్టుకుని వెళ్లలేదు. అందుకే జాతి ఒక్కటే అసలు కారణమన్న మాట నాకు నిలబడేలా కనిపించదు.

అయితే మొహం చాటేయడం ఉండేది, కాదనను. ఎందుకుండేదో చూడాలి. 1882లో చైనా కూలీలు అమెరికాలో అడుగుపెట్టకుండా చట్టం చేశారు. అది 1943 దాకా ఉంది. అరవై ఏళ్లు! ఉన్నవాళ్ల మీద దాడులు, ఇళ్లు తగలబెట్టడాలు. చైనాటౌన్‌లో కుంగ్‌ఫూ నేర్పే గురువుల్లో చాలామంది అక్కడి సంఘాలకు, టాంగ్‌లనే రహస్య ముఠాలకు దగ్గరివాళ్లు. చోయ్ లీ ఫట్ అనే కుంగ్‌ఫూ శైలి నేర్పిన లావ్ బన్ కూడా అలాంటివాడే. వీధిలో గొడవైతే తమ కుర్రాళ్లను నిలబెట్టుకునే విద్య అది. రేపు తమ మీదికే వచ్చేవాడికి ఆ విద్య ఎవరు నేర్పుతారు? దాన్ని సంకుచితత్వం అనడం నాకు నచ్చదు.

ఉక్కునగరం_మాస్టర్:

నేను విశాఖలో చాలా ఏళ్లుగా కరాటే నేర్పుతున్నాను, అందుకని నేర్చుకునేవాడి వైపు నుంచి ఒక మాట. గ్లోవర్ జూడో మనిషి అన్న సంగతిని మీరు ఒక వాక్యంలో దాటేశారు పాతపుటలు గారూ. నా దృష్టిలో అసలు కీలకం అక్కడే ఉంది.

జూడోలో రోజూ ఎదుటివాడి చొక్కా పట్టుకుని నిజంగా లాగుతారు, నిజంగా పడేస్తారు. బలం ఎటు పోతుందో చేతులకే తెలిసిపోతుంది. అలాంటివాడు ఎదురుగా నిలబడి చేయి కలిపితే గురువు దగ్గర సరుకు ఉందో లేదో కొన్ని క్షణాల్లో పట్టేస్తాడు. బ్రూస్ హాంకాంగ్‌లో నేర్చుకున్న వింగ్ చున్ శైలిలో చీ సావ్ అని ఒక సాధన ఉంది. ఇద్దరి ముంజేతులు ఆనించుకుని గుండ్రంగా తిప్పుతుంటారు, ఎవరి ఒత్తిడి కాస్త సడలినా, ఎక్కువైనా ఎదుటి చేయి ఆ సందులోంచి ఛాతీ మీదికి వచ్చేస్తుంది. కళ్లతో చూసి ఆపే టైమ్ ఉండదు, చర్మంతో తెలుసుకోవాలి. జూడో చేసినవాడికి ఈ భాష సగం వచ్చినట్టే. గ్లోవర్ అంత బలమైనవాడు తనకన్నా చాలా తేలికైన కుర్రాడి దగ్గర శిష్యుడిగా నిలబడ్డాడంటే ఆ చేతుల్లో ఏదో అందబట్టే. ప్రదర్శన చూసి మోజుపడ్డవాళ్లు నెలలో మానేస్తారు. వీళ్లు మానలేదు.

కూచిపూడి_అందె:

చర్చ చాలా బాగుంది. కానీ అందరూ కొట్లాటల గురించే రాస్తున్నారు! ఈ తొలి తరంలో ఇద్దరు ఆడవాళ్లు ఉన్నారు, ఇద్దరూ నాట్యకారిణులు. వాళ్ల గురించి నేను రాస్తాను.

సోఫియా డెల్జా న్యూయార్క్‌లో ఆధునిక నృత్యం చేసేది. భర్త ఉద్యోగం మీద 1948లో షాంఘై వెళ్లి 1951 దాకా ఉంది. సరిగ్గా చైనా చేతులు మారుతున్న సమయం. ఆ గందరగోళంలో ఆవిడ మా యుయెలియాంగ్ దగ్గర తాయ్ చీ అనే నెమ్మది కదలికల యుద్ధకళను వూ శైలిలో నేర్చుకుంది. ఆయన ఆ శైలి పెద్ద గురువు వూ జియాన్‌చువాన్ అల్లుడు. వృత్తిరీత్యా రక్తపరీక్షల్లో నిపుణుడైన వైద్యుడు. తిరిగొచ్చాక 1954లో న్యూయార్క్ మ్యూజియం ఆఫ్ మోడరన్ ఆర్ట్‌లో తాయ్ చీ ప్రదర్శించింది. తర్వాత కార్నెగీ హాల్‌లో, ఐక్యరాజ్యసమితిలో తరగతులు నడిపింది. 1961లో ఆమె పుస్తకం వచ్చింది. తాయ్ చీ మీద ఇంగ్లిష్‌లో వచ్చిన మొట్టమొదటి పుస్తకాల్లో అదొకటి.

రెండో ఆవిడ గెర్డా గెడ్డెస్. 1917లో నార్వేలో పుట్టింది. నాట్యంతో పాటు మానసిక చికిత్సలో శిక్షణ. రెండో ప్రపంచయుద్ధంలో నాజీలకు వ్యతిరేకంగా నార్వే ప్రతిఘటనలో పాల్గొంది. భర్తతో షాంఘై వెళ్లినప్పుడు తెల్లవారుజామున ఒక ముసలాయన తాయ్ చీ చేస్తుంటే చూసింది. ఆ కదలిక మనసులో నాటుకుపోయింది. అప్పుడు నేర్చుకోవడం కుదరలేదు. తర్వాత హాంకాంగ్ చేరాక చోయ్ హాక్‌పాంగ్ దగ్గర, ఆయన తర్వాత కొడుకు చోయ్ కామ్‌మన్ దగ్గర నేర్చుకుంది. బ్రిటన్‌కు తాయ్ చీ తీసుకొచ్చిన తొలి వ్యక్తిగా ఆవిడనే చెప్తారు. లండన్ కాంటెంపరరీ డాన్స్ స్కూల్లో ఏళ్ల తరబడి నేర్పింది.

నాట్యం చేసేవాళ్లే ముందు ఎందుకు పట్టుకున్నారంటే, నా అనుభవంలో జవాబు ఉంది. మేము అరమండిలో నిలబడితే బరువు రెండు కాళ్ల మీదా సమానంగా ఉంటుంది, మోకాళ్లు పక్కలకు విచ్చుకుంటాయి. తాయ్ చీలో సరిగ్గా వ్యతిరేకం. ఒక కాలు పూర్తిగా నిండాలి, రెండోది పూర్తిగా ఖాళీ కావాలి, అప్పుడే ఆ ఖాళీ కాలు కదలాలి. నేను నేర్చుకోవడం మొదలుపెట్టినప్పుడు చేతులు తొందరగానే వచ్చాయి, ఆ ఖాళీ చేయడం మాత్రం రాలేదు. అడుగు వేసేటప్పుడు బరువు కూడా దానితోపాటు దొర్లిపోయేది. మా టీచర్ నా ముందు కాలి కింద చేయి పెట్టి, పాదం నేలకు తాకాక కూడా ఆ చేయి నలగకూడదు అనేవారు. వూ శైలిలో నడుం నుంచి ఒళ్లు కాస్త ముందుకు వంగి ఉంటుంది కాబట్టి ఇంకా కష్టం. ఇలాంటి తేడాను మాటల్లో పెట్టగలిగేది శరీరాన్ని రోజూ గమనించుకునే మనిషే. డెల్జా చేసింది అదే.

ఉక్కునగరం_మాస్టర్:

అందె గారూ, మీరు రాసింది చదివి చాలా తెలుసుకున్నాను. కానీ నా అభ్యంతరం కూడా వినండి. ఇది యుద్ధకళ నేర్చుకోవడమేనా? గెడ్డెస్ ప్రతి భంగిమకూ ఆధ్యాత్మికంగా అర్థం చెప్పేదని విన్నాను. ఎదుటి మనిషి లేడు, తోపు లేదు, దెబ్బ లేదు. పాశ్చాత్య దేశాల్లో ఇవాళ తాయ్ చీ అంటే ముసలివాళ్ల వ్యాయామం అనుకోవడానికి బీజం ఇక్కడే పడింది కదా?

కూచిపూడి_అందె:

మాస్టారూ, ఆ అభిప్రాయానికి వీళ్లను బాధ్యులు చేయడం అన్యాయం. చైనాలోనే 1920ల నుంచి తాయ్ చీని ఆరోగ్యం కోసం ఊళ్లలో, ఆఫీసుల్లో నేర్పుతున్నారు. వూ జియాన్‌చువాన్ సంఘం నడిచిందే షాంఘై వైఎంసీఏ భవనంలో. అక్కడికి వచ్చేవాళ్లలో డాక్టర్లు, గుమాస్తాలు, వ్యాపారులు. డెల్జాకు దొరికింది అప్పటి షాంఘైలో చాలామందికి దొరికిందే. పైగా ఆమె అడిగింది నృత్యకారిణిగా తనకు కావలసింది. గురువు ఇచ్చాడు. ఇందులో తక్కువ ఏముంది?

పాతపుటలు:

ఇద్దరి మాటల్లోనూ నిజం ఉంది కానీ నేను అందె గారి వైపే నిలబడతాను. ఒక్క సంగతి కలుపుతాను. అదే మా యుయెలియాంగ్ తొంభైకి దగ్గరపడ్డ వయసులో కూడా ఇద్దరు కలిసి చేసే పుషింగ్ హ్యాండ్స్‌లో పడుచువాళ్లను అలవోకగా పక్కకు తప్పించేవాడు. అంటే ఆయన దగ్గర రెండూ ఉన్నాయి. ఎవరికి ఏది అందిందన్నది వాళ్లు ఎంతకాలం ఉండగలిగారు, ఏ దారిన వచ్చారు అన్నదాన్ని బట్టి ఉంది. డెల్జాకు దొరికింది మూడేళ్లు, అదీ దేశం తలకిందులవుతున్న మూడేళ్లు.

చార్మినార్_చాయ్:

షాంఘై అన్నారు కాబట్టి ఇంకొకరు గుర్తొచ్చారు. వీళ్లకంటే చాలా ముందు. విలియం ఫెయిర్‌బెయిర్న్. 1885లో పుట్టాడు, బ్రిటిష్ మెరీన్స్ నుంచి 1907లో షాంఘై మునిసిపల్ పోలీసులో చేరాడు. ఆ రోజుల్లో షాంఘై వీధులంటే మామూలు కాదు, కత్తులు, తుపాకులు, ముఠాలు. మొదట్లో జపనీస్ జుజుత్సు, తర్వాత టోక్యోలోని జూడో కేంద్రం కోడోకాన్ నుంచి జూడో బ్లాక్ బెల్ట్. వాటితో పాటు త్సాయ్ చింగ్ తుంగ్ అనే గురువు దగ్గర చైనా బాక్సింగ్ నేర్చుకున్నానని రాసుకున్నాడు. ఆ గురువు ఒకప్పుడు పెకింగ్ రాజప్రాసాదంలో రాణిగారి పరివారానికి నేర్పినవాడట.

ఇవన్నీ కలిపి పోలీసులకు పనికొచ్చే పద్ధతి ఒకటి తయారుచేశాడు. దాని మీద 1926లో పుస్తకం వేశాడు. రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటన్ కమాండోలకు, గూఢచారులకు చేతిపోరాటం నేర్పింది ఈయనే. సైక్స్ అనే సహోద్యోగితో కలిసి రూపొందించిన కత్తి ఇప్పటికీ కమాండో చిహ్నాల మీద కనిపిస్తుంది.

మన వైపు నుంచి ఒక ముడి కూడా ఉంది. ఆ షాంఘై పోలీసులో సిక్కుల విభాగం పెద్దది. బ్రిటిష్‌వాళ్లు, పంజాబ్ నుంచి వెళ్లినవాళ్లు, చైనీయులు, తర్వాత జపనీయులు, అందరూ ఒకే బలగంలో. అలాంటి చోట ఒకరి పట్టు ఒకరికి తెలియకుండా ఎలా ఉంటుంది? అయితే ఫెయిర్‌బెయిర్న్‌ను నేను శిష్యుడు అనడానికి కాస్త వెనకాడతాను. ఆయనకు కావలసింది పనికొచ్చే ముక్క. అది తీసుకుని మిగతాది వదిలేశాడు. గ్లోవర్‌లా, డెల్జాలా ఒక గురువు పద్ధతిని మొత్తంగా పట్టుకోలేదు.

ఓరుగల్లు_కుర్రోడు:

ఇంకా ముందుకు పోతే? అసలు కుంగ్‌ఫూ గురించి మొదట రాసిన తెల్లాయన ఎవరు? బోధిధర్ముడు మన దక్షిణాది నుంచి పోయి చైనాల షావొలిన్ గుడిలో నేర్పిండు కదా, ఆ లెక్కన మొదటి గురువు మనోడే గదా!

చార్మినార్_చాయ్:

మొదటి ప్రశ్నకు: పెకింగ్‌లో ఉన్న ఫ్రెంచ్ జెసూట్ ఫాదర్ ఒకాయన టావో సాధువుల కుంగ్‌ఫూ గురించి రాసింది 1779లో అచ్చయింది, బొమ్మలతో సహా. కానీ అది కొట్లాట కాదు. శ్వాస, భంగిమలతో రోగాలు తగ్గించే పద్ధతి. ఆయన చూసి రాశాడు, నేర్చుకోలేదు.

రెండోది: బోధిధర్ముడిని దక్షిణ భారతం నుంచి వెళ్లినవాడిగా చైనా గ్రంథాల్లోనే కొన్ని చెప్తాయి, మనకు గర్వమే. కానీ ఆయన యుద్ధవిద్య నేర్పాడన్న కథకు ఆధారంగా చూపించే యిజిన్‌జింగ్ గ్రంథం 1624 నాటిది. ఆయన తర్వాత వెయ్యేళ్లు. 1930లలోనే టాంగ్ హావో అనే చైనా పరిశోధకుడు దీన్ని కొట్టిపారేశాడు. షావొలిన్ సన్యాసులు పోరాడిన మాట మాత్రం నిజం. 621లో కాబోయే టాంగ్ చక్రవర్తి లీ షిమిన్‌కు సాయం చేశారు. 728 నాటి శిలాశాసనం ఆ గుడిలోనే ఉంది.

బెల్లెవ్యూ_బాబాయ్:

నేను సియాటిల్ పక్కనే ఉంటాను కాబట్టి ఇక్కడి సంగతులు రాస్తాను. మనవాళ్లు వేసవిలో అమ్మానాన్నలు వచ్చినప్పుడు లేక్ వ్యూ శ్మశానంలో బ్రూస్ లీ, ఆయన కొడుకు బ్రాండన్ సమాధుల దగ్గరికి తీసుకెళ్తారు, ఫొటో దిగుతారు, వచ్చేస్తారు. ఈసారి వెళ్లినప్పుడు టాకీ కిమురాను కూడా తలుచుకోండి. ఆ సమాధిని ఏళ్ల తరబడి శుభ్రం చేసి చూసుకున్నది ఆయనే.

కిమురా 1924లో పుట్టాడు. అమెరికాలోనే పుట్టిన పౌరుడు. అయినా యుద్ధకాలంలో జపనీస్ రక్తం అన్న ఒక్క కారణంతో టూలీ లేక్ నిర్బంధ శిబిరంలో పెట్టారు. బయటికొచ్చాక ఉద్యోగం ఇచ్చేవాళ్లు లేరు, ఎదుటి మనిషి కళ్లలోకి చూసి మాట్లాడలేని స్థితికి వచ్చానని ఆయనే ఇంటర్వ్యూల్లో చెప్పుకున్నాడు. ముప్పై అయిదు దాటిన వయసులో బ్రూస్ దగ్గర చేరాడు. గురువు కంటే పదహారేళ్లు పెద్ద. చైనాను జపాన్ ఎనిమిదేళ్లు అగ్నిగుండం చేసిన యుద్ధం ముగిసి అప్పటికి పదిహేనేళ్లు కూడా కాలేదు. హాంకాంగ్‌ను జపాన్ ఆక్రమించిన రోజుల్లో పసిబిడ్డగా పెరిగినవాడు బ్రూస్. అలాంటివాడు ఒక జపనీస్ అమెరికన్‌ను తన ముఖ్య అనుచరుడిగా పెట్టుకున్నాడు. 1964లో తన పెళ్లికి బెస్ట్ మ్యాన్‌గా నిలబెట్టుకున్నదీ కిమురానే.

1963లో యూనివర్సిటీ వే మీద స్కూల్ పెట్టారు. మరుసటి ఏడాది బ్రూస్ ఓక్లాండ్ వెళ్లిపోతూ సియాటిల్ బాధ్యత కిమురాకు ఇచ్చాడు. చైనాటౌన్‌లోని వింగ్ లూక్ మ్యూజియంలో బ్రూస్ లీ సియాటిల్ రోజుల గురించి చాలా ఉంది. పక్కనే 1935 నాటి తాయ్ తుంగ్ రెస్టారెంట్, ఆయన తరచు భోంచేసిన చోటు. పిల్లల్ని తీసుకెళ్తే సగం రోజు పడుతుంది, శ్మశానం కంటే అక్కడ తెలిసేది ఎక్కువ.

ఉక్కునగరం_మాస్టర్:

బాబాయ్ గారూ, కిమురాను పాశ్చాత్యుడు అనొచ్చా?

బెల్లెవ్యూ_బాబాయ్:

పుట్టిపెరిగింది వాషింగ్టన్ రాష్ట్రంలో, మాట్లాడింది ఇంగ్లిష్, ఓటు ఇక్కడిదే. అప్పటి ప్రభుత్వం కాదంది. మనం కూడా కాదనడం ఎందుకు?

పాతపుటలు:

బాబాయ్ గారి మాటకు పూర్తిగా మద్దతు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన, అన్నిటికంటే జాగ్రత్తగా చదవాల్సిన మనిషి దగ్గరికి వద్దాం: రాబర్ట్ డబ్ల్యూ. స్మిత్. 1926లో పుట్టాడు, అనాథాశ్రమంలో పెరిగాడు, మెరీన్స్‌లో పనిచేశాడు, జూడోలో లోతుగా దిగాడు. మాస్టర్ గారు చెప్పిన జూడో సూత్రం ఇక్కడా పనిచేసింది చూడండి. సీఐఏ ఉద్యోగిగా 1959లో తైవాన్ వెళ్లి 1962 దాకా ఉన్నాడు.

ఆ మూడేళ్లు తైవాన్ మామూలు చోటు కాదు. 1949లో చియాంగ్ కై షెక్‌తో పాటు చైనా నలుమూలల నుంచి సైనికులు, అధికారులు, వాళ్లతో గురువులు ఆ దీవికి చేరారు. మామూలుగా అయితే వేల మైళ్లు తిరిగితే గానీ కలవలేని గురువులు ఒకే దీవి మీద, పొద్దున్నే పార్కుల్లో కనిపించేవారు. స్మిత్ ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లాడు. హాంగ్ యిషియాంగ్ దగ్గర, వాంగ్ షుజిన్ దగ్గర, ఇంకా చాలామంది దగ్గర. వాంగ్ షుజిన్ భారీ మనిషి, వచ్చినవాళ్లను తన పొట్ట మీద గట్టిగా గుద్దమని చెప్పేవాడు, గుద్దినవాళ్ల మణికట్టు నొప్పి పుట్టేది. అన్నిటికంటే ముఖ్యంగా జెంగ్ మాన్‌చింగ్ దగ్గర తాయ్ చీ. ఈయన చిత్రకారుడు, కవి, లిపికారుడు, వైద్యుడు కూడా. చిన్న మనిషి, మెత్తని చేతులు. అంత జూడో అనుభవం ఉన్న స్మిత్ పుషింగ్ హ్యాండ్స్‌లో ఆయన ముందు ఏమీ చేయలేకపోయానని రాశాడు.

స్మిత్ గొప్పతనం ఏమిటంటే రాసిపెట్టాడు. ఎవరు ఎలా నిలబడేవారు, ఎవరితో ఎవరికి పడదు, ఎవరు గొప్పలు చెప్పేవారు, అన్నీ. 1974లో వచ్చిన ఆయన పుస్తకం లేకపోతే ఆ తరం గురువుల్లో చాలామంది గురించి ఇంగ్లిష్ చదివేవాళ్లకు తెలిసేదే కాదు. కానీ ఇష్టాయిష్టాలు విపరీతం. నచ్చినవాడు ఆకాశంలో, నచ్చనివాడు పాతాళంలో. దీనికి తోడు 1963లో జాన్ గిల్బీ అన్న కల్పిత పేరుతో ప్రపంచంలోని రహస్య పోరాట విద్యల గురించి పూర్తిగా కట్టుకథలతో ఒక పుస్తకం రాశాడు. ముట్టుకుంటే కొన్నాళ్ల తర్వాత ప్రాణం పోయే దెబ్బ లాంటివి అందులో ఉన్నాయి. చాలామంది నిజమని నమ్మారు, ఇప్పటికీ ఇంటర్నెట్‌లో ఆ కథలు తిరుగుతూనే ఉన్నాయి. నాకు ఇది బాధగా ఉంటుంది. కళ్లారా చూసి రాసిన ఆ కొద్దిమందిలో ఒకరి కలం మీదే మనం అనుమానం పెట్టుకుని చదవాల్సి రావడం వల్ల నష్టపోయింది ఆ గురువులే. అందుకని నా పద్ధతి ఇది: స్మిత్ తన చేతులకు తగిలింది రాసినప్పుడు నమ్ముతాను, ఒక గురువు గురించి ఇంకో గురువు అన్న మాట రాసినప్పుడు ఆగుతాను.

ఉక్కునగరం_మాస్టర్:

గ్లోవర్‌కూ ఇదే వర్తిస్తుంది మరి. ఆయన జ్ఞాపకాలు బ్రూస్ చనిపోయాక రాసినవి.

పాతపుటలు:

వర్తిస్తుంది మాస్టారూ. అయితే గ్లోవర్ కథలో తను గొప్పగా కనిపించే చోట్లు తక్కువ. దెబ్బలు తిన్నవి, అర్థం కానివి ఎక్కువ. పైగా అదే గుంపులోని మిగతావాళ్లు విడివిడిగా చెప్పిన వాటితో పెద్ద విషయాలు కలుస్తాయి. 1964 ఫైట్‌కు ఆ అదృష్టం లేదు.

ఓరుగల్లు_కుర్రోడు:

జెంగ్ మాన్‌చింగ్ అమెరికా కూడా పోయిండు కదా అన్నా? అక్కడ బయటివాళ్లను రానిచ్చిండా?

పాతపుటలు:

వెళ్లాడు. 1964లో న్యూయార్క్ చేరాడు, అక్కడి చైనాటౌన్‌లో నేర్పడం మొదలుపెట్టాడు. నీ ప్రశ్నకు అక్కడ జరిగినదే మంచి జవాబు. కొద్ది రోజుల్లోనే క్లాసు నిండా అమెరికన్లు: జుట్టు పెంచుకున్న కుర్రాళ్లు, చిత్రకారులు, నాట్యకారిణులు, యుద్ధం మీద విసిగిపోయినవాళ్లు. స్థానిక సంఘం పెద్దల్లో కొందరికి అది నచ్చలేదు, ఈయన తైవాన్ వెళ్లిన సమయంలో వాళ్లను బయటికి పంపించే ప్రయత్నం జరిగింది. జెంగ్ తిరిగొచ్చి ఆ కుర్రాళ్ల పక్షమే నిలబడ్డాడు, వాళ్లతోనే వేరే స్కూల్ నడిపాడు. ఆయన సంప్రదాయం బలంగా ఉన్న మనిషి. కన్‌ఫ్యూషియస్ గ్రంథాలు పాఠం చెప్పేవాడు, చైనా గౌను వేసుకునేవాడు. బ్రూస్ లీలా పాతదాన్ని తెంచుకున్నవాడు కాదు. అయినా తలుపు తీశాడు. శాన్‌ఫ్రాన్సిస్కోలో పోర్ట్స్‌మత్ స్క్వేర్‌లో కువో లియెన్‌యింగ్ కూడా అంతే, 1960ల మధ్య నుంచి తెల్లవారుజామున ఎవరొచ్చినా నేర్పాడు. సంప్రదాయవాదులంతా దాచుకున్నారు, తిరుగుబాటుదారుడు ఒక్కడే పంచాడు అన్న లెక్క ఇక్కడే తప్పిపోతోంది.

కూచిపూడి_అందె:

జెంగ్ న్యూయార్క్ శిష్యుల్లో మ్యాగీ న్యూమన్ ఒకరు. ఆవిడదీ నాట్య నేపథ్యమే. నా పాయింట్‌కు ఇంకో సాక్ష్యం దొరికింది!

చార్మినార్_చాయ్:

ఒక కాలరేఖ చూసుకుంటే ఇదంతా ఇంకా స్పష్టంగా అర్థమవుతుంది. 1943లో చైనీయుల నిషేధ చట్టం రద్దయింది. 1949 తర్వాత గురువులు తైవాన్, హాంకాంగ్ చేరారు, వాళ్లకు కొత్త ఊళ్లో బతుకుతెరువు కావాలి. 1965లో అమెరికా వలస చట్టం మారింది, ఇంకా ఎక్కువమంది రాగలిగారు. అదే కాలంలో జూడో, కరాటే చేసిన అమెరికన్ సైనికులు ఆసియా నుంచి తిరిగొచ్చి ఇంకేదైనా నేర్చుకోవాలని వెతుకుతున్నారు. నేర్పేవాడికీ అవసరం ఉంది, నేర్చుకునేవాడికీ ఆరాటం ఉంది. ఇవన్నీ కలవకపోతే బ్రూస్ లీ ఎంత ప్రతిభ ఉన్నవాడైనా ఒంటరిగా ఏం చేయగలిగేవాడు?

ఓరుగల్లు_కుర్రోడు:

ఒక్క చివరి ప్రశ్న. గ్లోవర్ తర్వాత ఏమైండు? స్టార్ అయిన గురువు పేరు చెప్పుకుని పెద్ద స్కూల్ పెట్టిండా?

బెల్లెవ్యూ_బాబాయ్:

పెట్టలేదు నాయనా. బ్రూస్ సియాటిల్ వదిలేలోపే గ్లోవర్ ఆ స్కూల్ నుంచి విడిగా వచ్చేశాడు, స్నేహం మాత్రం పోలేదు. తర్వాత ఇక్కడే చిన్న చిన్న గుంపులకు నేర్పాడు. బ్రూస్ తర్వాతి రోజుల్లో తన సొంత పద్ధతికి పెట్టిన జీత్ కునే డో పేరు వాడుకోలేదు. ఆ పేరు వచ్చేనాటికి తను నేర్చుకున్నది వేరు కాబట్టి, తాను నేర్పేదాన్ని నాన్ క్లాసికల్ గంగ్ ఫూ అని పిలిచాడు. 2012లో చనిపోయాడు. కిమురా కూడా ప్రచారం జోలికి పోలేదు. తన సూపర్‌మార్కెట్ నడుపుకుంటూ, దాని బేస్‌మెంట్‌లో కొద్దిమందికి నేర్పాడు, 2021 జనవరిలో 96 ఏళ్ల వయసులో పోయాడు. ఇద్దరి శిష్యులూ ఈ ఊళ్లో ఇప్పటికీ నేర్పుతున్నారు. ఇటువైపు ఉద్యోగానికో చదువుకో వస్తే కబురు పెట్టు, తీసుకెళ్తాను.